పాత రోడ్డు, ప్లాస్టిక్, టైర్లు, బూడిద: తారు రోడ్ల గురించి వరంగల్ వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

రోడ్డు పనుల్లో క్వాలిటీ ల్యాబ్ చూసుకోవడం నా ఉద్యోగం. ఇల్లు హనుమకొండలో. పని మాత్రం ఎటు పడితే అటు, ఓ ఏడాది జనగామ వైపు, ఇంకో ఏడాది ములుగు అవతల. నా పని తెలిసినవాళ్ళు పెళ్ళి భోజనాల దగ్గర కూడా రోడ్ల సంగతే అడుగుతారు. ఈ మధ్య "ప్లాస్టిక్ రోడ్డట కదా", "టైర్లు కరిగించి పోస్తారట కదా" అనే మాటలు ఎక్కువ వినిపిస్తున్నాయి. అందరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నా. మా వైపు డాంబర్ అంటాం, పేపర్లో తారు అని రాస్తారు, టెండర్ కాగితాల్లో బిటుమెన్ అని ఉంటుంది. అసలు తారు బొగ్గు నుంచి వచ్చేది, ఇప్పుడు రోడ్ల మీద పోసేది ముడిచమురు శుద్ధి చేశాక అడుగున మిగిలే బిటుమెన్. నేను మాత్రం అలవాటు కొద్దీ తారు అనే రాస్తాను.

తారు రోడ్డులో తారు ఎంత?

నల్లగా కనబడుతుంది కాబట్టి అంతా తారే అనుకుంటారు. వంద కిలోల మిక్స్‌లో తారు సుమారు 5 కిలోలే, మిగతాదంతా కంకర, రాతి డస్ట్. ఒక చిన్న లెక్క చూడండి. ఊరి రోడ్డు 3.75 మీటర్ల వెడల్పు, పైపొర 25 మిల్లీమీటర్ల మందం అనుకుంటే కిలోమీటరుకు దాదాపు 215 టన్నుల మిక్స్ పడుతుంది. అందులో తారు 10, 11 టన్నులు, రాయి 200 టన్నుల పైమాట. డబ్బు ఎక్కువ పోయేది తారు మీద, గుట్టలు కరిగిపోయేది కంకర కోసం. కాబట్టి ఎవరైనా "పర్యావరణానికి మంచి రోడ్డు" అంటే నేను ముందు అడిగేది ఒకటే, ఇందులో తారు ఎంత తగ్గింది, కొత్త కంకర ఎంత తగ్గింది అని. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ప్లాస్టిక్ రోడ్డు అంటే ప్లాస్టిక్‌తో వేసిన రోడ్డా?

కాదు. రోడ్డు కంకరతోనే వేస్తారు, ప్లాస్టిక్ కంకరకు పైపూత. ఈ పద్ధతి మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ ఆర్.వాసుదేవన్‌ది. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. మిక్స్ తయారుచేసే ప్లాంటులో కంకరను 160, 170 డిగ్రీల దాకా వేడి చేసి, చిన్న ముక్కలుగా తరిగిన ప్లాస్టిక్‌ను దాని మీద చల్లుతారు. అర నిమిషం తిరిగేసరికి ప్లాస్టిక్ కరిగి రాళ్ళకు పల్చగా పట్టుకుంటుంది. ఆ తర్వాతే తారు పోస్తారు. మొదటిసారి నేను ఆ రాయిని తారు పోయకముందే బయటికి తీయించి చూశాను. నూనె రాసినట్టు మెరుస్తోంది, చేత్తో ముట్టుకుంటే జిడ్డు లేదు, గోటితో గీకితే పొర లేవలేదు. అప్పటిదాకా నాకున్న అనుమానం సగం ఆ రాయి దగ్గరే పోయింది.

తడి మీద తారు పట్టు తప్పకుండా ఈ పొర కొంత ఆపుతుంది, ఎండకు రోడ్డు మెత్తబడి చక్రాల జాడలు పడటాన్ని కూడా తగ్గిస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) దీనికోసం 2013లోనే ఎస్పీ 98 అనే మార్గదర్శకం తెచ్చింది. తారు బరువులో 6 నుంచి 8 శాతం ప్లాస్టిక్ అన్నది వాడుకలో ఉన్న మోతాదు. 2015 నవంబర్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ, 5 లక్షలకు మించి జనాభా ఉన్న పట్టణాల చుట్టూ 50 కిలోమీటర్ల లోపు వేసే వేడి తారు మిక్స్ (హాట్ మిక్స్) పనుల్లో వ్యర్థ ప్లాస్టిక్ వాడాలని చెప్పింది. వరంగల్ 2011 లెక్కల నాటికే 5 లక్షలు దాటిన ఊరు.

ఇప్పుడు పై లెక్కకు రండి. 10.8 టన్నుల తారులో 8 శాతం అంటే 860 కిలోలు. కిలోమీటరుకు టన్ను ప్లాస్టిక్ కూడా పట్టదు. దీంతో ఊళ్ళో చెత్త మొత్తం మాయమవుతుందని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. రోడ్డు కొంచెం గట్టిపడుతుంది, కొంత తారు మిగులుతుంది, కాలువలో పడాల్సిన కవర్లు కొన్ని పనికొస్తాయి. అంతవరకు నిజం, ఆ మాత్రమే అయినా చేయదగ్గ పనే.

ఏ ప్లాస్టిక్ అయినా వేయొచ్చా? మా కాలనీలో చెత్త బండి సేకరించినదంతా ఇస్తాం.

అన్నీ పనికిరావు. పాల ప్యాకెట్లు, క్యారీ బ్యాగులు, బియ్యం సంచులు, పల్చటి కవర్లు సరిపోతాయి. నీళ్ళ సీసాల ప్లాస్టిక్ వేరే రకం, అది కరగాలంటే 250 డిగ్రీల దాకా కావాలి, మన కంకర వేడికి అది లొంగదు. అయినా సీసాలకు పాత సామాన్ల కొట్టులోనే ధర వస్తుంది, వాటిని రోడ్డులో వేయడం దండగ.

అసలు వేయకూడనిది పీవీసీ. పైపుల ముక్కలు, కరెంటు వైర్ల మీది తొడుగు, చౌరస్తాల్లో కట్టే ఫ్లెక్సీలు అన్నీ ఇదే జాతి. వేడి తగిలితే ఇందులోంచి ఆమ్ల వాయువు వస్తుంది, ప్లాంటు దగ్గర నిలబడ్డవాళ్ళ ఊపిరితిత్తులకు అది విషం. కొన్నేళ్ళ కిందట ఒక సైట్‌కు వచ్చిన సంచి విప్పి నేల మీద పేపరు పరిచి పోయించాను. తరిగిన కవర్ల మధ్య రంగురంగుల ఫ్లెక్సీ ముక్కలు, ఎవరిదో ముఖం సగం, ఒక అక్షరం సగం. సరఫరా చేసినతను "అంతా ప్లాస్టిక్కే కదా సార్" అన్నాడు. బకెట్‌లో నీళ్ళు తెప్పించి గుప్పెడు ముక్కలు వేయించాను. కవర్ల ముక్కలు తేలాయి, ఫ్లెక్సీ ముక్కలు అడుగుకు దిగాయి. ఇది గొప్ప పరీక్షేం కాదు, పీవీసీ నీటికంటే బరువు, కవర్ల ప్లాస్టిక్ తేలిక, అంతే. కానీ ఆ రోజు వచ్చిన సంచులన్నీ వెనక్కి పంపడానికి ఆ బకెట్ చాలింది.

ఇంకోటి శుభ్రత. మేడారం జాతర అయ్యాక మిగిలే కవర్లు రోడ్డుకు వాడొచ్చు కదా అని చాలామంది అడిగారు. ఆలోచన మంచిదే, కానీ బంగారం, అదే బెల్లం, అంటుకుని మట్టి పట్టిన కవర్లను కడిగి ఆరబెట్టకుండా తరిగితే ఆ మట్టి రాయికీ ప్లాస్టిక్‌కూ మధ్య చేరుతుంది, తడి ఉంటే ఆవిరై మిక్స్‌ను పాడుచేస్తుంది. కడగడం, ఆరబెట్టడం, ఏరడం, ఇదంతా మనుషులు చేయాల్సిన పని, దానికి కూలి లెక్క కట్టకపోతే ప్లాస్టిక్ రోడ్డు కాగితం మీదే ఉంటుంది.

ప్లాస్టిక్ పొగ, రేణువులు మట్టిలోకి పోవా?

పొగ గురించి చెప్పాలంటే వేడిని అదుపులో పెట్టడమే అసలు మందు. కవర్ల ప్లాస్టిక్ 110 నుంచి 160 డిగ్రీల మధ్య కరుగుతుంది, విడిపోయి వాయువులు వదలడం అంతకు చాలా పైన, 250 దాటాక మొదలవుతుంది. కంకర 170 దాటకుండా చూసుకుంటే కరగడమే ఉంటుంది, కాలడం ఉండదు. బర్నర్ ఆపరేటర్ తొందరపడి కంకరను ఎర్రగా కాల్చేస్తే మాత్రం తారూ చెడుతుంది, ప్లాస్టికూ పొగ వదులుతుంది.

రేణువుల భయం న్యాయమైనదే. రోడ్డు అరిగితే ఆ పొర కూడా అరుగుతుంది. తారులో ఇమిడి ఉన్న ప్లాస్టిక్ విడిగా పడి ఉన్న కవర్‌లా చిరిగి ఎగిరిపోదు, కానీ గుంతలు పడి కంకర లేచిపోయే రోడ్డు అయితే అన్నీ కాలువలోకే పోతాయి. అందుకే నాసిరకంగా వేసే రోడ్డులో ప్లాస్టిక్ కలపడానికి నేను ఒప్పుకోను. వేస్తే గట్టిగా వేయాలి, లేదంటే కలపకూడదు.

ప్రతిసారీ పొర మీద పొర వేసి మా ఇల్లు రోడ్డుకంటే కిందికి పోయింది. దీనికి రీసైక్లింగ్‌కూ సంబంధం ఉందా?

ఉంది. ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, నా ఇంటి ప్రశ్న కూడా.

మా నాన్న ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి వరండాకు మూడు మెట్లు ఉండేవి. ఇప్పుడు రెండే కనబడతాయి. మూడోది నాలుగు పొరల తారు కింద ఉంది. 2023 జూలై చివరలో కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్లు పడింది, భూపాలపల్లి వైపు మోరంచపల్లి మునిగింది, హనుమకొండలో కాలనీలకు కాలనీలు నీళ్ళలో ఉన్నాయి. ఆ రాత్రి మా వరండా దాటి హాల్లోకి చీలమండ లోతు నీళ్ళొచ్చాయి. అమ్మ బియ్యం డబ్బాలు మంచం మీదికి ఎక్కిస్తూ "ఆ మెట్టు ఉండి ఉంటే" అంది. ఆ మెట్టు 15 సెంటీమీటర్లు. అంతటి వానను ఒక్క మెట్టు ఆపుతుందని నేననను. కానీ మామూలు వానలకు కూడా ఇప్పుడు మా వీధిలో ఇసుక మూటలు పెట్టుకుంటున్నారు.

దీనికి మందు పాత పొరను గీకి తీసేసి అంతే మందం కొత్తది వేయడం. దాన్ని మిల్లింగ్ అంటారు. మిషన్ కింద తిరిగే డ్రమ్ముకు గట్టి పళ్ళు ఉంటాయి, ఎన్ని మిల్లీమీటర్లు పెడితే అంత లోతు గీకి కన్వేయర్ మీద టిప్పర్లోకి పోస్తుంది. రోడ్డు ఎత్తు పెరగదు, డ్రైనేజీ మూతలు పాతుకుపోవు, వాలు చెడదు. గీకగా వచ్చిన సరుకే ఈ రంగంలో మనకు దొరికే అన్నిటికంటే మంచి రీసైకిల్ సరుకు. దానికి ఆర్‌ఏపీ అని పేరు, మేం సైట్‌లో మిల్లింగ్ మెటీరియల్ అంటాం.

దాన్ని ల్యాబ్‌లో సాల్వెంట్ పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తారంతా కడిగేస్తే అడుగున రాయి మిగులుతుంది. మొదటిసారి చూసినప్పుడు అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాను. పదిహేనేళ్ళు లారీల కింద నలిగిన కంకర, అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. మిల్లింగ్ పళ్ళకు కొన్ని చితికి సన్నబడతాయి, అది లెక్కలోకి తీసుకోవాలి, మిగతాది నిన్న క్రషర్ నుంచి వచ్చిన రాయిలాగే ఉంది. రాయికి వయసు రాదు. ముసలిదయ్యేది తారే.

పై లెక్కే మళ్ళీ. కిలోమీటరు గీకితే 215 టన్నులు, అందులో 200 టన్నుల పైన కంకర, పది టన్నుల పైన తారు. ప్లాస్టిక్ ఆదా చేసేది 860 కిలోల తారు, పాత రోడ్డు మొత్తంగా తిరిగిచ్చేది దానికి పన్నెండు రెట్ల తారు, పైగా గుట్ట నుంచి రాయి తవ్వాల్సిన పని లేదు. ఆ సరుకును తీసుకెళ్ళి లోతట్టు ప్లాట్లలోనో, చెరువు శిఖంలోనో పారబోస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. అది చెత్త కాదండీ, డబ్బు పెట్టి ఒకసారి కొన్న సరుకు.

పాత తారు ఎండి పెళుసైపోయి ఉంటుంది కదా, దాంతో రోడ్డు ఎలా వేస్తారు?

నిజమే, ఎండకు, గాలికి తారులోని తేలిక నూనెలు పోయి గట్టిపడుతుంది, అందుకే పాత రోడ్లు మొసలి చర్మంలా పగుళ్ళిస్తాయి. దాన్ని కొత్త మిక్స్‌లో కలిపేటప్పుడు రెండు దారులున్నాయి. కొంచెం మెత్తటి రకం కొత్త తారు వాడటం ఒకటి, పాత తారుకు మళ్ళీ నూనె పట్టించే రెజువెనేటర్ కలపడం ఇంకొకటి. ఎంత గట్టిపడిందో ముందు ల్యాబ్‌లో చూసి, ఎంత కలపాలో తేల్చుకోవాలి. ఐఆర్‌సీ 120 అని 2015లో దీనికి ప్రత్యేక మార్గదర్శకం వచ్చింది. జపాన్‌లో మిక్స్‌లో సగం దాకా పాత సరుకే వాడుతున్నారు, అమెరికాలో సగటున ఐదో వంతు. మన దగ్గర 20, 30 శాతంతో మొదలుపెట్టినా చాలు.

మరి ఎందుకు జరగట్లేదంటే ప్లాంటే కారణం. పాత సరుకు నేరుగా మంటకు తగిలితే తారు కాలి నీలం పొగ వస్తుంది. అందుకని కొత్త కంకరను ఎక్కువ వేడి చేసి ఆ వేడితోనే పాతది కరిగేలా చేయాలి, లేదా డ్రమ్ముకు మధ్యలో వేరే ద్వారం పెట్టాలి, లేదా పాతదానికి ప్రత్యేకంగా ఇంకో డ్రమ్ము ఉండాలి. ఇక్కడి చిన్న ప్లాంట్లలో చాలావాటికి ఈ ఏర్పాటు లేదు. రెండోది కుప్ప. వానకు తడిసిన మిల్లింగ్ మెటీరియల్ వాడితే ఆ నీటిని ఆవిరి చేయడానికే డీజిల్ కాలిపోతుంది. పైన రేకుల షెడ్డు వేసి, ఏ రోడ్డుది ఆ రోడ్డుది విడిగా కుప్ప పోసుకోవాలి. టెండర్లో "మిల్లింగ్ మెటీరియల్ తిరిగి వాడాలి" అని ఒక్క ఐటెమ్ రాస్తే కాంట్రాక్టర్లు షెడ్డూ వేస్తారు, డ్రమ్మూ కొంటారు. రాయకపోతే ఎందుకు కొంటారు?

ప్లాంటుకు మోసే పని లేకుండా అక్కడికక్కడే చేసే పద్ధతులూ ఉన్నాయి. పాత రోడ్డును కింది పొరతో సహా తవ్వి, సిమెంటు, స్టెబిలైజర్ కలిపి అక్కడే రోలర్‌తో దిమ్మిసా చేసేదాన్ని ఎఫ్‌డీఆర్ అంటారు. ఉత్తరప్రదేశ్‌లో గ్రామీణ రోడ్లకు పెద్ద ఎత్తున వాడారు. కంకర దూరం నుంచి తేవాల్సిన ఏటూరునాగారం, మంగపేట లాంటి చోట్లకు ఇది చాలా నప్పుతుందని నా అభిప్రాయం.

మన గ్రానైట్ రాయి గట్టిదంటారు, మరి ఒక్క వానకే రోడ్డు ఎందుకు లేస్తుంది?

గట్టిదనం వేరు, తారును పట్టుకునే గుణం వేరు. గ్రానైట్‌లో సిలికా ఎక్కువ. సిలికాకు తారుకంటే నీళ్ళంటేనే ఇష్టం. సందు దొరికితే నీరు రాయికీ తారుకూ మధ్య దూరి తారును తోసేస్తుంది. దాన్నే స్ట్రిప్పింగ్ అంటారు. లేచిపోయిన కంకరను చేతిలోకి తీసుకుని చూడండి, ఒక పక్క నల్లగా, ఒక పక్క కడిగినట్టు తెల్లగా ఉంటే కథ అదే.

దీనికి విరుగుడు కొత్తదేం కాదు, తడిపిన సున్నం. కంకర బరువులో 2 శాతం దాకా సున్నం పొడి సందులు నింపే ఫిల్లర్‌గా వేస్తే పట్టు నిలుస్తుంది. లేదా యాంటీ స్ట్రిప్పింగ్ రసాయనం తారులో కలపాలి. ల్యాబ్ పరీక్ష తేలికే, తారు పట్టించిన కంకరను 40 డిగ్రీల నీటిలో 24 గంటలు ఉంచి 95 శాతానికి తక్కువ కాకుండా పూత నిలిచిందా అని చూస్తాం. కరీంనగర్, వరంగల్ చుట్టుపక్కల క్వారీల్లో బ్లాకులు కోయగా మిగిలిన గ్రానైట్ ముక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి, వాటిని క్రషర్‌కు పంపి కంకర చేయొచ్చా అని అడుగుతారు. తప్పకుండా చేయొచ్చు, కొత్తగా పేల్చే పని తప్పుతుంది. సున్నం సంగతి మాత్రం మరవకూడదు.

టైర్ల రోడ్డు సంగతేంటి?

పాత టైర్లలో ఇనుప తీగ తీసేసి రబ్బరును రవ్వలా పొడి చేసి వేడి తారులో కలుపుతారు. దాన్ని సీఆర్ఎంబీ అంటారు. అమెరికాలో ఫీనిక్స్ నగర ఇంజనీరు చార్లెస్ మెక్‌డొనాల్డ్ 1960లలో దీన్ని వాడుకలోకి తెచ్చాడు. రబ్బరు తారులో పూర్తిగా కరగదు, ఉబ్బి సాగే గుణం ఇస్తుంది. పగుళ్ళు ఆలస్యంగా వస్తాయి, ఎండకు మెత్తబడటం తగ్గుతుంది. రామగుండం ఎండ తెలిసినవాళ్ళకు ఇది ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. గాలి వేడి 45 దగ్గర ఉన్న రోజు నల్లటి రోడ్డు 60 దాటుతుంది, దాని మీద బొగ్గు లారీలు, గ్రానైట్ బ్లాకుల ట్రైలర్లు, గోదావరి ఇసుక టిప్పర్లు.

ఒక ఇబ్బంది ఉంది. ట్యాంకులో కదపకుండా ఉంచితే రబ్బరు అడుగున చేరుతుంది. పైన ఉత్త తారు, కింద చిక్కటి ముద్ద. కలియబెట్టే ఏర్పాటు లేని ట్యాంకులో సీఆర్ఎంబీ పోయడమంటే డబ్బు పారబోయడమే.

రామగుండం, భూపాలపల్లి థర్మల్ ప్లాంట్ల బూడిద రోడ్డుకు వాడొచ్చా?

వాడుతున్నారు, కానీ ఎక్కువగా తారు పొరలో కాదు, దాని కిందే. రోడ్డు ఎత్తు కట్టలు, ఫ్లైఓవర్ అప్రోచ్‌లు నింపడానికి మట్టికి బదులు బూడిద పోసి, పక్కల మట్టి కప్పుతారు. థర్మల్ ప్లాంట్లకు 300 కిలోమీటర్ల లోపు పనుల్లో బూడిద వాడాలన్న కేంద్ర నోటిఫికేషన్లు ఉన్నాయి. ఎన్టీపీసీ రామగుండం, చెల్పూరు కాకతీయ థర్మల్, జైపూర్ సింగరేణి ప్లాంటు, మూడింటికీ మన జిల్లాలు ఆ దూరంలోనే ఉన్నాయి. దీనివల్ల మొరం కోసం గుట్టలు, చెరువులు తవ్వడం తగ్గుతుంది. బూడిద టిప్పర్‌ను తడిపి పట్టా కప్పకుండా పంపితే దారిలో ఊళ్ళన్నీ దగ్గుతాయి, అది మాత్రం నిలదీయాల్సిన విషయం.

స్టీల్ స్లాగ్ రోడ్డు మనకు వస్తుందా?

సూరత్ దగ్గర హజీరాలో 2022లో ఉక్కు తయారీలో మిగిలే స్లాగ్‌ను ప్రాసెస్ చేసి, కంకరకు బదులు పూర్తిగా దాంతోనే ఆరు లేన్ల రోడ్డు వేశారు, సీఎస్ఐఆర్ వారి రోడ్డు పరిశోధన సంస్థ సాయంతో. అక్కడ ఫ్యాక్టరీ పక్కనే ఉంది. స్లాగ్ రాయికంటే బరువు, విశాఖ నుంచి మన దాకా లారీల్లో తెస్తే మిగిలిందంతా డీజిల్‌కే పోతుంది. మనకు దగ్గర సరుకు వేరే ఉంది.

వరి గడ్డితో డాంబర్ అనే వార్త నిజమేనా?

నిజమే, అయితే ఇంకా తొలి దశ. మొక్కల్లో ఉండే లిగ్నిన్ అనే పదార్థాన్ని తారులో 15 శాతం దాకా కలిపి, 2024 డిసెంబర్‌లో నాగపూర్, మన్సర్ బైపాస్ మీద ఒక కిలోమీటరు వేశారు. అది 44వ నంబరు జాతీయ రహదారి, మన ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి మీదుగా వచ్చేదే. వాడే తారులో పెద్ద వాటా దిగుమతి చేసుకునే దేశానికి ఇది చిన్న విషయం కాదు. కోత అయ్యాక మన వైపు పొలాల్లో కొయ్యకాళ్ళు కాలుస్తుంటే సాయంత్రం రోడ్డు మీద కళ్ళు మండుతాయి. ఆ గడ్డికి రోడ్డు రూపంలో ధర వస్తే రైతు కాల్చడు. ఆ రోజు తొందరగా రావాలని నాకు మనసారా ఉంది.

వార్మ్ మిక్స్ అంటే ఏంటి? రీసైక్లింగ్ కాదు కదా?

కాదు, కానీ దీన్ని వదిలేసి ఈ విషయం మాట్లాడలేం. తారులో ఒక రసాయనమో, కొద్దిగా నీటి నురగో కలిపితే మిక్స్‌ను 20 నుంచి 40 డిగ్రీలు తక్కువ వేడిలోనే కలిపి పరచొచ్చు. టన్ను మిక్స్‌కు 6, 7 లీటర్ల ఇంధనం కాలే చోట అది తగ్గుతుంది. పాత సరుకు ఎక్కువ కలిపినప్పుడు కూడా ఇది సాయపడుతుంది.

నేను దీన్ని కోరుకునేది ఎక్కువగా మనుషుల కోసం. మే నెల మధ్యాహ్నం మిక్స్ పరిచే పేవర్ మిషన్ వెనక పార పట్టుకుని నడిచే మనిషిని ఒక్కసారి దగ్గరి నుంచి చూడండి. కింద 150 డిగ్రీల మిక్స్, పైన 44 డిగ్రీల ఎండ, చెప్పులకు గోనె ముక్కలు చుట్టుకుని, ముఖానికి తువ్వాలు కట్టుకుని, ఆ పొగలోనే పీలుస్తూ ఎనిమిది గంటలు. ముప్పై డిగ్రీలు తగ్గడం అతనికి చాలా పెద్ద మాట. ప్లాంటు వరంగల్ దగ్గర ఉండి పని ఏటూరునాగారం అవతల ఉంటే ఇంకో లాభం, దారిలో చల్లారినా మిక్స్ రోలర్‌కు లొంగుతుంది.

ఇవన్నీ వాడితే ఖర్చు తగ్గుతుందా?

ప్లాస్టిక్‌తో కొంచెం తగ్గుతుంది, ఏరి కడిగే ఖర్చు దగ్గరే కొంత పోతుంది. సీఆర్ఎంబీ మామూలు తారుకంటే ఖరీదు, మన్నికలో తిరిగి వస్తుంది. పాత రోడ్డు సరుకుతో మాత్రం రెండు వైపులా మిగులుతుంది, తారూ కంకరా కొనడం తగ్గుతుంది. మిల్లింగ్ మిషన్ అద్దె, ప్లాంటు మార్పులు మొదట బరువనిపిస్తాయి. రెండు కిలోమీటర్ల పనికి గిట్టుబాటు కాదు, పట్టణంలో ఒక సీజన్ పనులన్నీ కలిపి టెండర్ పిలిస్తే అవుతుంది.

మా ఊళ్ళో రోడ్డు వేస్తున్నారు. నేనేం చూడాలి?

మొదట పని దగ్గర బోర్డు చదవండి, పొడవు, మందం, ఖర్చు, మెయింటెనెన్స్ గడువు ఉంటాయి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన (పీఎంజీఎస్‌వై) రోడ్డయితే 5 ఏళ్ళ నిర్వహణ కాంట్రాక్టరుదే, గుంత పడితే అడిగే హక్కు ఉంది. రీసైకిల్ సరుకు వాడుతున్నామంటే మిక్స్ డిజైన్ రిపోర్టు చూపించమనండి, ఎంత శాతం అన్నది అందులో ఉంటుంది.

తర్వాత వేడి. వీజీ 30 రకం తారు అయితే పరిచేటప్పుడు మిక్స్ 140 డిగ్రీలకు తగ్గకూడదు, 90కి దిగేలోపు రోలింగ్ అయిపోవాలి. వార్మ్ మిక్స్‌కు ఇంతకంటే తక్కువ ఉంటుంది. సైట్‌లో థర్మామీటర్ ఎక్కడుందని అడగండి, చాలాసార్లు ఆ ప్రశ్నకే పని తీరు మారుతుంది. టిప్పర్ మీద పట్టా కప్పి వచ్చిందా, కింద రోడ్డు ఊడ్చి, పల్చగా తారు ఎమల్షన్ (నీళ్ళలో కలిపిన తారు) చల్లారా చూడండి. దుమ్ము మీద వేసిన మిక్స్ చాపలా చుట్టుకుని లేస్తుంది, అందులో ప్లాస్టిక్ ఉన్నా రబ్బరు ఉన్నా ఒకటే. చినుకు పడుతుంటే పని ఆపమనండి, గట్టిగా చెప్పండి.

మీ వీధి పట్టణంలో అయితే పని మొదలుకాకముందే కార్పొరేటర్‌కో, డివిజన్ ఇంజనీరుకో ఒక కాగితం రాసి ఇవ్వండి, పాత పొర గీకాకే కొత్తది వేయాలని, గీకిన సరుకు ఎటు పోతుందో చెప్పాలని. మా వీధిలో పోయినసారి పద్దెనిమిది ఇళ్ళవాళ్ళం సంతకాలు పెట్టి ఇచ్చాం. మిల్లింగ్ మిషన్ వచ్చింది. గీకిన సరుకు పక్క వీధి మట్టి రోడ్డు మీద పరిచి రోలర్ తిప్పారు, ప్లాంటుకు పోలేదు కానీ చెరువులోకీ పోలేదు. మా మెట్లు రెండే ఉన్నాయి, ఆ రెండోది మాత్రం ఈసారి మునగలేదు.